లోపలి గడియ

“వైఫై ఆపేసి ఇప్పుడు తెరువు వదినా,” అన్నాడు మరిది.

వదిన ఫోన్లో తన కుట్టుపని వెబ్‌సైట్ గిర్రుగిర్రున తిరిగి చతికిలబడింది.

“ఇదేంటయ్యా! రోజూ లక్షణంగా వస్తోందిగా?”

“మనింటి వైఫైలో వస్తుంది. సైట్ ఉన్నది ఈ బల్ల కింది పాత కంప్యూటర్లోనేగా! బయటివాళ్లకి రౌటర్లో దారే తెరవలేదు. లోపల గడియ పెట్టుకుని, చుట్టాలు రాలేదంటే ఎలా?”

“అంటే, బయట ఎవ్వరూ చూడలేదా?”

“చూద్దామన్నా కనిపించదు.”

వదిన భర్త వైపు గిర్రున తిరిగింది. “మీ ఆఫీసంతా చూసి ముక్కున వేలేసుకున్నారన్నారు?”

“నువ్వు చిన్నబుచ్చుకుంటావనీ...” ఆయన పేపరు చాటుకు జారుకున్నాడు.

ఆమెకు నవ్వాగలేదు. అంతలోనే ఏదో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. “నాకు తెరుచుకోవట్లేదే” అన్నది పెద్ద తోడికోడలు ఒక్కతే. కడుపుమంటతో అలా అంటోందనుకుని, వదిన ఆమెతో మాటలే మానేసింది.

మరిది రౌటర్లో దారి తెరిచాడు. “ముందెవరికి పంపుదాం?”

వదిన అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుంది.

“అక్కా, నేనే. ఇప్పుడు తెరుచుకుంటుంది, చూడవా? బాగోకపోతే బాగాలేదనే చెప్పు!”