మఫ్లర్ చాటున

మొగుడి మీద ఎవరో వంగి ఉండటం మునీరా గుమ్మంలోంచి చూసింది.

మిట్టమధ్యాహ్నం. అనుమసముద్రంపేట దర్గా పక్కన, అద్దెకు దిగిన గది అరుగు మీద జానీ బాషా వెల్లకిలా నిద్రపోతున్నాడు. అంత ఎండలోనూ మెడకు మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన ఒకడు అతని భుజం పట్టి పక్కకు దొర్లిస్తున్నాడు.

"ఏందయ్యా, జేబులు ఎతకతా ఉండావా?"

పెద్దాయన మఫ్లర్ మీద వేలు నొక్కిపెట్టి మాట్లాడాడు. మాటతోపాటు బుస్సుమని చప్పుడు వచ్చింది.

"గురక ఆగిపోయిందమ్మా. ఇరవై లెక్కపెట్టినాను. ఊపిరి లేదు. అందుకని తిప్పినాను."

"గురక ఆగితే మంచిదేగా. దాంతోనే చస్తా ఉండాం."

జానీ బాషా ఉదయగిరి-ఆత్మకూరు బస్సు డ్రైవరు. రెండేళ్లుగా రాత్రంతా గురక, పగలంతా తూగు. గొంతు మీద సైతాను కూర్చుంటోందని అత్తగారు తేల్చింది. బస్సు ఓనరు ఇంకోలా తేల్చాడు.

"ఆరేళ్ల కింద నీ ముందోడు ఇట్టే తూగి బస్సును వాగులో పడేసినాడు. తొమ్మిది మంది పోయినారు. పదిరోజుల్లో బాగుపడి రా. లేదంటే స్టీరింగ్ మర్చిపో."

ఆ పదిలో ఆరు రోజులు అయిపోయాయి.

"సైతాను కాదమ్మా, నాలిక," అన్నాడు పెద్దాయన. "ఈయన గడ్డం చిన్నది, లోపలికుండాది. నాలిక పెద్దది. మెడంతా కొవ్వు. వెల్లకిలా పడుకుంటే నాలిక మొదలు వెనక్కి జారి దారి మూసేస్తాది. మద్రాసు పెద్దాసుపత్రికి తీసకపో. అందాకా పక్కకే పడుకోబెట్టు. నిద్రమాత్రలు మాత్రం ఇయ్యబాక."

టీ గ్లాసులతో వచ్చిన మునీరా తమ్ముడు లాల్ బాషా నవ్వాడు. "ఎవురి నాలిక వాళ్లకే అడ్డమొస్తాదా పెద్దాయనా? మా ఆపా నాలికైతే ఊరందరికీ అడ్డమే."

మునీరా నవ్వలేదు. "ఇదంతా నీకెట్లా తెలుసు? డాక్టరువా?"

అతను బస్సుల రోడ్డు వైపు చూశాడు.

ఆ తర్వాత రెండు రాత్రులు జానీ బాషా గురక సగానికి సగం తగ్గింది. పగలు తూగలేదు. పిల్లాడిలా ఆకలేస్తోందని అడిగి తిన్నాడు. దర్గాలో కట్టించిన తాయెత్తు పనిచేసిందనుకుంది మునీరా.

శుక్రవారం అతను నమాజుకు వెళ్లాక, రాత్రి వేసుకునే పాత చొక్కా ఉతుకుతుంటే చేతికి గట్టిగా ఏదో తగిలింది. వీపు నడిమిన, లోపలివైపు, నల్లదారంతో కుట్టిన గుడ్డసంచి. విప్పితే నిమ్మకాయంత కర్ర ఉండ.

లాల్ బాషా రెండడుగులు వెనక్కి వేశాడు. "కిందెయ్యి ఆపా. చేతబడి అది."

పెద్దాయన దర్గా సత్రం గోడ నీడలో కూర్చుని చాకుతో ఇంకో ఉండ నున్నగా చెక్కుతున్నాడు. ఇక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"చొక్కా ఆయనే ఇచ్చినాడు," అన్నాడు వేలు నొక్కిపెట్టి. "నువ్వు గొడవ చేస్తావని చెప్పొద్దన్నాడు. వెల్లకిలా తిరిగితే అది వీపులో గుచ్చుకోని..."

లాల్ బాషా మఫ్లర్ పట్టి లాగాడు.

మెడ నడిమిన రంధ్రం. రంధ్రంలో వెండిరంగు గొట్టం. ఊపిరి అందులోంచి వచ్చిపోతోంది.

చుట్టూ చేరిన జనం బిస్మిల్లా అంటూ వెనక్కి తగ్గారు. ఎవరో రాయి విసిరారు. లాల్ బాషా అతని రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. గొట్టం మూసుకోవడానికి వేలు లేదు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. అతన్ని కలిగిరి బస్సు ఎక్కించేదాకా పెదాలు కదులుతూనే ఉన్నాయి.

కర్ర ఉండను మునీరా పొయ్యిలో పడేసింది.

జానీ బాషా వచ్చి అన్నం తిన్నాడు. "నా పాత చొక్కా ఏదే?"

"ఉతికినాను. ఆరలేదు."

అతను ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. పడుకోబోయేవాణ్ణి చేతబడి మాటతో భయపెట్టడం ఎందుకని ఆమె కూడా ఊరుకుంది.

లాల్ బాషా మందులషాపు పొట్లం విప్పాడు. "రెండు మాత్రలు ఏస్కో బావా. ఒక్కసారి కంటినిండా నిద్రపోతే తూగు వదుల్తాది. ఎల్లుండి స్టీరింగ్ నీదే."

జానీ బాషా వెల్లకిలా పడుకున్నాడు. గురక మొదలైంది. పెరిగింది. ఉన్నట్టుండి ఆగింది.

మునీరా చెవులు రిక్కించింది. మళ్లీ రాలేదు.

రెండేళ్లలో గది ఇంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఆమె కళ్లు తుడుచుకుని దర్గా వైపు తిరిగి చేతులు చాచింది. గిన్నెలు చప్పుడు చేస్తున్న తమ్ముణ్ణి సైగతో ఆపింది. అరుగు ముందు కేకలేస్తున్న గాజులమ్మే ఆమెను బతిమాలి పంపించేసింది. సాయంత్రం అజాన్ అయినా లేపలేదు.

టీ కాచి తెచ్చి చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

పోయిన మూడోరోజు ఫాతెహా ప్రార్థనకు ఉదయగిరి నుంచి జానీ బస్సు కండక్టరు అల్లాబకాష్ వచ్చాడు. తలుపు చాటు నుంచే మునీరా అంతా చెప్పింది. మఫ్లర్, గొట్టం, కర్ర ఉండ.

అల్లాబకాష్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆయన పెంచలనరసయ్య, చెల్లెమ్మా. ఆయనకీ ఇదే జబ్బు. నాలిక ఎనక దారి మూసుకపోతా ఉంటే, మద్రాసులో దాని కింద గొంతు కోసి ఇంకో దారి పెట్టినారు. అప్పట్నుంచీ గురక ఇనపడిన చోటల్లా కాపలా కూర్చుంటాడు."

"ఎందుకన్నా? మేం ఆయనకేమైతాం?"

"పదోవాడు పోకూడదని."

మునీరాకు అర్థం కాలేదు.

"జానీకి ముందు మా బస్సు నడిపింది ఆయనే."