అమ్మ గడియారం

బల్ల మీద చిన్న డబ్బా, దాని మీద రెండు బటన్లు. పచ్చది నొక్కితే కోర్టు రెండు చివర్లా బుట్టల పైన ఎర్ర అంకెలు తగ్గడం మొదలుపెడతాయి. ఎర్రది నొక్కితే మళ్ళీ ముప్పైకొస్తాయి.

బేకరీ ఆవిడ ఎర్ర బటన్ మీద బొటనవేలు ఆనించి కూర్చుంది.

ఆవిడ వెనకాల అవతలి స్కూలు కోచ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బొటనవేలికి కాపలా.

కాపలా ఊరికే పెట్టలేదు.

స్కూలు బాస్కెట్‌బాల్‌కి ఈ గడియారం ఈ ఏడాదే వచ్చింది. బంతి చేతికొచ్చిన జట్టు ముప్పై సెకన్లలోపు బుట్టలోకి విసరాలి. విసిరిన బంతి రింగుకు తగిలిందా, గడియారం మళ్ళీ మొదటికి. తగల్లేదా, దాని దారిన అది పరిగెడుతుంది. హారన్ మోగితే బంతి అవతలివాళ్ళది.

దాని ముందు కూర్చోవడానికి పిల్లల అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు రావాలనగానే అందరికీ ఒక్కసారిగా పనులు గుర్తొచ్చాయి. రోజంతా ఓవెన్ల ముందు నిలబడే ఈవిడే చెయ్యెత్తింది. కూతురు ఆడే జట్టాయె.

కిందటి వారం ఇదే కోర్టు, ఇదే జట్టు. చివర్లో అవతలివాళ్ళు విసిరిన బంతి రింగుకు తగిలి, తిరిగి వాళ్ళ చేతికే వచ్చింది. సరిగ్గా అప్పుడే కూతురు తూలి కింద పడింది. ఆవిడ కళ్ళు అటు పోయాయి. వేలు కదల్లేదు.

హారన్ మోగింది. బంతి కూతురి జట్టుకొచ్చింది. ఒక్క పాయింటుతో గెలిచారు.

ఆ సంబరం తెల్లారేదాకా కూడా నిలవలేదు. వీడియో చూసి గెలుపు చెల్లదన్నారు, మళ్ళీ ఆడమన్నారు. "మీకేంటమ్మా, మీది అమ్మ గడియారం!" అని అవతలి పిల్లలు కూతురి మొహం మీదే నవ్వారు.

ఆ రోజు నుంచి కూతురికి మాటల్లేవు. తినమంటే తింది, పడుకోమంటే పడుకుంది. అరిచి పోట్లాడినా బాగుండేదనిపించింది ఆవిడకి.

"ఈసారికి ఇంకెవరినైనా చూద్దామండీ," అన్నారు ఆటల మాస్టారు, నసుగుతూ.

"నేనే కూర్చుంటాను సార్."

"మళ్ళీ మాటపడతారేమోనని..."

"పడాల్సినవన్నీ పడ్డాను కదండీ. ఇంకేం మిగిలాయి?"

మొండితనమే. కాదని ఆవిడా అనదు. ఆ కుర్చీ వల్లే తల దించుకోవాల్సొచ్చింది. మళ్ళీ ఆ కుర్చీలోనే కూర్చోవాలి.

పొద్దున బూట్ల లేసులు కట్టుకుంటూ, తలెత్తకుండానే కూతురు అంది.

"వస్తే రా. నన్ను మాత్రం చూడకు."

చూడలేదు. మ్యాచ్ మొదలైనప్పటి నుంచి ఆ రింగూ ఈ రింగూ తప్ప ఆవిడ ఇంకేమీ చూడలేదు.

"వేసింది, వేసింది! మీ అమ్మాయే!" పక్కన స్కోరు రాస్తున్న లెక్కల టీచరు మోచేత్తో పొడిచింది.

"అలాగా," అంది ఆవిడ, కళ్ళు కదపకుండా.

ఆట చివరికొచ్చింది. కూతురి జట్టు ఒక్క పాయింటు పైనుంది. బంతి అవతలివాళ్ళ దగ్గరుంది, ఎర్ర అంకెలు అయిపోవచ్చాయి. ఇంక హారన్ మోగితే చాలు, గెలిచినట్టే.

అవతలి పిల్ల బంతి విసిరింది. అడ్డుకోవడానికి ఎవరో ఎగిరారు.

ఎగిరినవాళ్ళు బల్ల ముందే, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, దభీమని పడ్డారు.

"అమ్మా!"

దెబ్బ తగిలితే ఎవరైనా అనే మాటే. ఆ గొంతు ఎవరిదో మాత్రం ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

ప్రాణం గిలగిల్లాడింది. కళ్ళు కిందికి లాగేస్తున్నాయి. ఆవిడ పళ్ళు బిగబట్టి వాటిని రింగు మీదే ఉంచింది.

బంతి తగిలీ తగలనట్టు రింగు అంచును రాసుకుని, మళ్ళీ అవతలివాళ్ళ చేతుల్లోనే పడింది.

ఆవిడ ఎర్ర బటన్ నొక్కింది.

అంకెలు ముప్పైకొచ్చాయి. "తగల్లేదు! తగల్లేదు!" అని ఇవతలివాళ్ళంతా గోలెత్తారు. రిఫరీ ఆవిడ వంక చూశాడు.

"తగిలింది," అంది ఆవిడ.

ఆట సాగింది. అవతలివాళ్ళు ఇంకోసారి విసిరారు, పడింది. ఈసారి వాళ్ళు ఒక్క పాయింటుతో గెలిచారు.

"సొంత గడియారం పెట్టుకుని ఓడిపోయింది మనమేనండీ," అన్నాడు వెనక వరసలోంచి ఎవరి నాన్నో, అందరికీ వినపడేలా.

వెనక కాపలా ఉన్న కోచ్ ముందుకొచ్చాడు. నీళ్ళ సీసా మూత తీసి, ఆవిడ ముందు పెట్టి వెళ్ళాడు.

డబ్బా అప్పజెప్పి బయటికొచ్చేసరికి కూతురు మెట్ల మీద కూర్చుని ఉంది. నిక్కరు మీద పొడుగు ప్యాంటు తొడిగేసుకుంది. ఆవిడ పక్కన కూర్చుంది.

"ఓడిపోయాం," అంది కూతురు.

"ఊఁ."

"నీ ముందే పడ్డాను."

"విన్నాను."

"మోకాలు బాగా గీరుకుపోయింది."

ఆవిడ సంచిలోంచి దూది తీసింది.

"ఏ మోకాలే?"

కూతురు తిరిగి ఆవిడ మొహంలోకి చూసింది. అలా చూసి వారమైంది.

చూసి, ఎడమ కాలు ఎత్తి ఆవిడ ఒళ్ళో పెట్టింది.