పెద్ద బి, చిన్న బి

బుల్లెట్‌ని టైర్ల గోడౌన్‌లో కుర్చీకి కట్టేసి చితకబాదుతున్నారు. పన్ను ఊడి ఒళ్లో పడింది. కొడుతున్నది ఎవరో కాదు, నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్న స్నేహితులే!

"నా మీద కోపం పెట్టుకోకురా. అన్న ఆర్డరు," అన్నాడు లావోడు, కత్తి తీస్తూ.

అన్నకి ఈమధ్య ఇంగ్లీషు పిచ్చి పట్టుకుంది. పెళ్లికి ముందు వదిన ఇంగ్లీషు టీచరు. ఆవిడ దగ్గర నాలుగు ముక్కలు నేర్చుకున్నాడో లేదో, ఇక మెసేజీలన్నీ అందులోనే. పొద్దున వచ్చిందీ అంతే. 'బుల్లెట్ మస్ట్ గో టుడే.' బుల్లెట్ ఇవాళే పోవాలి.

"అది నేను కాదురా బాబూ, తూటా! నిన్న మార్కెట్ దగ్గర అవతలి గ్యాంగు కాల్చింది కదా. అన్నకి తగిలుంటుంది. తీయించమంటున్నాడు!" అని మొత్తుకున్నాడు బుల్లెట్.

"ఎవడికి చెబుతావ్? పెద్ద బి పెట్టాడు చూడు. మనిషి పేరుకే పెద్దక్షరం. తూటాకైతే చిన్న బి. మా పాప రెండో క్లాసు, ఆమాత్రం నాకు తెలీదా?"

"వాక్యంలో మొదటి మాటకి ఎప్పుడూ పెద్దక్షరమేరా సన్నాసీ! పిల్లికైనా, పీటకైనా!"

కత్తి మెడ మీద ఆగింది. నెత్తురు సన్నగా కారి కాలర్‌లోకి దిగింది. లావోడు మెసేజీ మళ్లీ చదివాడు. మనిషిని పొడవడం వాడికి మంచినీళ్లు తాగినంత తేలిక. ఈ వ్యాకరణమే కొరుకుడు పడదు.

పక్కనున్న బక్కోడు అన్నకి ఫోన్ కలిపాడు. వదిన ఎత్తింది.

"మీ అన్న పడుకున్నాడు. ఏంటి గోల?"

చెప్పారు. వదిన గొంతు తగ్గించింది.

"ఆ మాట వాక్యం మొదట్లోనే ఉందా?"

"అవునొదినా."

"అయితే పెద్దక్షరం దేనికైనా వస్తుంది. అది తూటానే. మీ అన్న భుజంలో ఉంది, ఒళ్లు కాలిపోతోంది. నా బుల్లె... వాణ్ణేమీ చెయ్యలేదు కదా?"

"కొంచెం... పన్ను ఊడింది."

"మీ చేతులు పడిపోను! ముందు వాణ్ణి విప్పండి. డాక్టర్ని వెంటబెట్టుకుని రండి."

కట్లు విప్పగానే బుల్లెట్ భోరుమన్నాడు. లావోడు కాళ్ల మీద పడ్డాడు. బక్కోడు డాక్టర్ కోసం పరిగెత్తాడు.

అక్కడ వదిన ఫోన్ పెట్టేసి, గుర్రుపెడుతున్న మొగుడి దిండు కింది నుంచి పిస్తోలు తీసి, భుజంలో ఉందని చెప్పిన తూటాని, డాక్టర్ వచ్చేలోగా, కాస్త ఇవతలగా గుండెలోకి దించింది.