ఎండకు వంతు

మా ఒయాసిస్సులో నేల ఒకరిది, అందులో చెట్టు ఇంకొకరిది కావచ్చు. నీళ్ళ వంతులు చూసేది నేను. అడుగున చిల్లున్న గిన్నెను తొట్టిలో వదిలితే, అది మునిగేదాకా ఒకరి వంతు.

ఆ పొద్దున మబ్రూకా నన్ను గిన్నెతో సహా తన తోటకు లాక్కెళ్ళింది. "చూడు మామా, నా తోట నడిమధ్య ఈ జల్లూల్ ఖర్జూరం ఎండంతా మింగేస్తోంది. నా పుదీనా పాలిపోయింది. నీళ్ళలాగే ఎండకూ వంతులు పెట్టు!"

చెట్టు మీంచి దిగాడు జల్లూల్. "నా చెట్టు ఎండ తిని, మనం పీల్చే గాలి వదులుతోంది. అది పీల్చే కదా ఈవిడ నన్ను తిట్టేది!"

"ఎండ తగిలితే నా పుదీనా వదలదా ఆ గాలి?"

"అయితే ఈ గిన్నె మునిగేదాకా ఊపిరి పీల్చకు. ఉండగలిగితే చెట్టు కొట్టేస్తా."

ఆమె ముక్కు మూసుకుంది. నేను ఆమె తోటలోని తొట్టిలో గిన్నె వదిలాను.

సగం మునిగేసరికి ఆమె మొహం వంకాయ రంగుకొచ్చింది. జల్లూల్ గిన్నె ఎగిరిపడేలా తన్నాడు. "పీల్చు మబ్రూకా, పీల్చు! నేనే ఓడిపోయా!" అంటూ గొడ్డలి తెచ్చాడు.

మబ్రూకా చెట్టుకు అడ్డంగా నిలబడింది. "కొట్టేస్తే రేపట్నుంచి దేన్నెక్కుతావు?"

అది మగచెట్టు. కాయలు కాయదు. పుప్పొడి కోసం ఏడాదికోసారి ఎక్కితే చాలు.

జల్లూల్ పదేళ్ళుగా రోజూ ఎక్కుతున్నాడు.