తూర్పేపు

“అబద్ధం! మీ బావ సూర్యలంక దగ్గర లేడు. నా మాట విను అన్నయ్యా, తూర్పేపు పో!” అంది పుష్పలత, అన్న దావీదు చొక్కా పట్టుకుని.

నిజాంపట్నం జెట్టీ మీద ప్రతి మాటనీ గాలి ఎత్తుకుపోతోంది. హార్బరు స్తంభం మీద పొద్దున మూడో నంబరు తుపాను హెచ్చరిక ఉండేది. మధ్యాహ్నానికి ఎనిమిదోది ఎక్కించారు. బోట్లన్నీ వచ్చేసి, ఒకదాన్నొకటి రాసుకుంటూ ఊగుతున్నాయి. రానిది ఒక్కటే, పుష్పలత మొగుడు ఏసుపాదం బోటు.

“ఇంజను ఆగిపోయింది, ఎవరన్నా రండ్రా!” అని వైర్‌లెస్ సెట్టులో ఒక్క కేక వినపడింది. ఎక్కడున్నదీ చెప్పేలోపే సెట్టు మూగబోయింది. పొద్దున మాత్రం అదే సెట్టులో, “సూర్యలంక ఎదురుగా ఉన్నాం, ఒక్క చేపా లేదు” అని చెప్పాడు. మెరైన్ పోలీసులు ఆ మాటే పట్టుకుని పడమటున్న బాపట్ల బోటోళ్ళకి కబురు పెట్టారు.

“పొద్దున బావ గొంతు నేనూ విన్నానమ్మా. సూర్యలంకే అన్నాడు” అన్నాడు దావీదు.

“నువ్వెప్పుడన్నా సెట్టులో నిజం చెప్పావా?”

ఆ రేవులో బోటు నడిపే వాళ్ళందరిదీ అదే తంతు. వల బరువెక్కిందంటే చాలు, పక్క బోట్లు వచ్చి మీద పడకుండా తూర్పునుంటే పడమరంటారు, చేపలుంటే లేవంటారు. వినేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. తెలియంది పోలీసులకే.

“మొన్న రొయ్య దొరికినప్పుడు నువ్వేమన్నావు? ‘వాడరేవు కాడున్నా, వలకి బురద తప్ప ఏం రాలా’ అన్నావు. ఉన్నదేమో తూర్పున, కృష్ణ సముద్రంలో కలిసే మొగలో! మీ బావ నీకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు.”

దావీదు పెళ్ళాం బ్లెస్సీ ఇద్దరి మధ్యకీ వచ్చింది. “అమ్మాయ్, తుపాను ఆ కృష్ణ మొగ దగ్గరే తీరం దాటుద్దంట. పొద్దుట్నుంచీ టీవీలో ఒకటే మోత. అటేపు అలలు ఇళ్ళంత లేస్తాయంటున్నారు. ఈయన్ని అక్కడికి పంపిస్తావా?”

“అందుకే కదా వదినా నా ఏడుపు! సూర్యలంక దగ్గరైతే ఎవరో ఒకరు ఒడ్డుకి లాక్కొస్తారు. మొన్న వెళ్ళేటప్పుడు నాతో ఒక్కదానితోనే చెప్పాడు, ఈసారి తూర్పేపు పోతున్నా, అక్కడ రొయ్య పడుతోందని. ఇప్పుడు అందరూ పడమటేపు వెతుకుతుంటే ఆయన అక్కడ ఒంటరిగా...”

“నీతో అన్నాడా? తూర్పనే అన్నాడా?” దావీదు గుచ్చి అడిగాడు.

“నా పిల్లల మీద ఒట్టు అన్నయ్యా.”

దావీదు తూర్పుకేసి చూశాడు. మబ్బు మసిబట్టిన డేగిసా అడుగులా ఉంది. దాని కింద సముద్రం కనపడటం లేదు, చప్పుడు మాత్రం వస్తోంది.

“ఏమయ్యా, వద్దు” అంది బ్లెస్సీ. అరవలేదు. చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

“ఊళ్ళో ఎవడి బోటు ఆగినా పోయేవాణ్ణి. బావని వదిలేసి ఇంట్లో కూర్చుని అన్నం తినమంటావా?” అని ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. తనతో పనిచేసే ఇద్దరికీ సైగ చేశాడు. బోట్లని కదలనీయకుండా కాపలా ఉన్న పోలీసులు అటు తిరిగున్నప్పుడు తాడు విప్పారు. బోటు కాలవ మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

వదినా మరదళ్ళు ఐసు ఫ్యాక్టరీ వరండాలో కూర్చున్నారు. బ్లెస్సీ పెదాలు ప్రార్థనలో కదులుతూనే ఉన్నాయి. పుష్పలత వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పక్కనున్న బోటు సెట్టులోంచి దావీదు గొంతు వచ్చింది.

“లంకెవానిదిబ్బ దాటాం. బావ కనపడలా. ఇంకాస్త లోపలికి పోయి చూస్తాం.”

“వెనక్కొచ్చెయ్ రా దావీదూ, గాలి తిరుగుతోంది!” అని ఆ సెట్టు దగ్గరున్న పెద్దాయన అరిచాడు. సమాధానంగా గరగర తప్ప ఏమీ రాలేదు. అలా పిలుస్తూనే ఉన్నాడు.

వాన మొదలైంది. రేకులు లేచిపోతాయేమో అన్నట్టు కొట్టుకుంటున్నాయి. మైకులో కొత్త కబురు చెప్పారు. తుపాను అనుకున్నదానికంటే ముందే వస్తోందట, కృష్ణ మొగ దగ్గర ఇప్పటికే సముద్రం ఎగిసిపడుతోందట. పుష్పలత లేచి వరండా అంచుదాకా వెళ్ళి తూర్పుకేసి చూసింది. ఇంజను లేని బోటు ఆ అలల్లో ఎంతసేపు నిలుస్తుంది? అన్న ఈపాటికి చేరి ఉంటాడా? తాడు అందించి ఉంటాడా?

అప్పుడు ఆమె ఫోను మోగింది. తెలియని నంబరు.

“పుష్పా! నేనేనే!”

ఏసుపాదం గొంతు. పుష్పలత ఫోను చెవికి అదుముకుని ఉన్నచోటే చతికిలబడింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేశాయి. “బతికున్నావా! ప్రభువా, బతికున్నాడు వదినా!”

బ్లెస్సీ ఒక్క అంగలో వచ్చి పక్కన కూలబడింది. “స్పీకరు పెట్టు. మా ఆయనకివ్వమను, ఒక్క మాట మాట్లాడతా.”

పుష్పలత స్పీకరు నొక్కింది. “అన్నయ్యకివ్వు. వదిన మాట్లాడుద్దంట.”

“మీ అన్నా? ఆయనిక్కడెందుకుంటాడే? తూర్పేపు తుపానని చెప్తున్నారు కదా అని నిన్ననే మేం ఇటు తిప్పుకున్నాం. బాపట్ల బోటోళ్ళొచ్చి లాక్కొచ్చారు. పొద్దున సెట్టులో చెప్పాను కదే... సూర్యలంక ఎదురుగా ఉన్నాం, ఒక్క చేపా లేదని!”