చచ్చినవాడి వాటా

గ్రైవ్స్ ముసలాడు మంగళవారం పొద్దున చచ్చిపోయాడు. శనివారం దాకా తన వాటా బిస్కట్టు తీసుకుంటూనే ఉన్నాడు.

అంటే, పక్కనున్న పిల్చర్ తీసుకుంటున్నాడన్నమాట.

ఇంగ్లండులోని చిల్లర దొంగలను ఏడేళ్ళ శిక్ష మీద ఆస్ట్రేలియా ఒడ్డున ఉన్న బోటనీ బేకి తోలుకుపోయే ఓడ అది. అడుగు గదిలో చీకటి. ఇద్దరేసి మనుషుల కాళ్ళు కలిపి ఒక సంకెల. అక్కడి బిస్కట్లు ఎంత గట్టివంటే, వాటిని కొరికి కొరికి ఎలుకలు బోసినోళ్ళతో తిరిగేవి. అవైనా తలకొకటే. అందుకని ఎవడైనా పోతే, సంకెల జోడీ వాడు నాలుగు రోజులు వాణ్ణి బతికించుకోవడం ఆ ఓడలో మామూలు.

పిల్చర్ బాగానే బతికించాడు.

“గ్రైవ్స్!” మెట్ల మీంచి నావికుడు కేకేసేవాడు.

పిల్చర్ శవం చెయ్యి పైకెత్తి, గొంతు వణికించి, “ఉన్నానయ్యా” అనేవాడు.

“ఇంకా చావలేదుట్రా ముసలాడా?”

“తీరిక దొరకలేదయ్యా!”

గదంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

ముసలాడు బతికున్నప్పుడూ ఆ వాటా పిల్చర్‌దే. లాక్కునేవాడు.

“పళ్ళు లేని నోటికి బిస్కట్టెందుకు తాతా?”

“తినరా అబ్బాయ్. నువ్వైనా ఒడ్డు చూడాలి.”

“చూస్తాలే. నువ్వు తొందరగా పో, నా కాలికి బరువు తగ్గుద్ది.”

శనివారానికి వాసన దాగలేదు. డాక్టరు ముక్కుకి రుమాలు కట్టుకుని, ఖైదీల పట్టీ చేత పట్టుకుని దిగాడు. సంకెల ఊడదీయించి, లాంతరు వెలుగులో ముసలాడి పేరు కొట్టేశాడు.

“గ్రైవ్స్. లండన్‌లో వెండి పని చేసే కంసాలి. పాపం, దొంగ కూడా కాడు.”

“మరి దేనికేశారండీ?” అన్నాడు పిల్చర్, నోట్లో బిస్కట్టుతోనే.

“కోర్టులో అబద్ధపు ప్రమాణానికి. ఎవడో కుర్రాడు పాలకూజా కాజేశాడు. అది వెండిదని తేలితే వాడికి ఉరే. వెల కట్టమని ఈయన్ని పిలిస్తే, తగరమని బైబిలు మీద ఒట్టేశాడు. వాడి మెడ దక్కింది. తర్వాత ఎవరో కూజా గీకి చూశారు, ఈయన దొరికిపోయాడు.”

పిల్చర్ నమలడం ఆపాడు.

ఆ రోజు బోనులో నిలబడి వాడు చూసింది జడ్జి నోరొక్కటే. పిండి అద్దిన విగ్గు పెట్టుకున్న పెద్దమనిషి ఎవరో లేచి ఏదో చెప్పాడు. ఆ మొహం వైపు చూసిందెక్కడ? ఇక్కడ చూస్తే చీకటి, గొరిగిన తల.

“ఆ కుర్రాడూ ఈ ఓడలోనే ఉన్నాడట. పిల్చర్ అని ఎవడో,” అంటూ డాక్టరు పేజీ తిప్పి, కలం సిరాలో ముంచాడు. “సరేగాని, నీకు యాభై కొరడా దెబ్బలు రాయాలి, నీ పేరేంట్రా?”