పికప్ లేని నీళ్ల బండి

"మీరే! మీ వలలే నా బండి పానం తీస్తున్నయ్! ఇయ్యాల దాని లోపల ఒక్క పోగు దొరికిందంటే గా కుప్పకు అగ్గి పెడ్త!"

మానేరు డ్యాం ఒడ్డున బోటింగు నడిపే గుత్తేదారు సుదర్శన్‌రావు అరుపు అది. ఆయన వేలు చూపించిన చోట పదకొండు వలలు కుప్పగా పడి ఉన్నాయి. పక్కనే టికెట్లు చింపే విద్యాధర్ డీజిల్ డబ్బా పట్టుకొని నిలబడ్డాడు. చేపలు పట్టి బతికేవాళ్ల వలలవి. పది రోజుల కింద గుంజుకొని టికెట్ల గదిలో పడేసి తాళం వేశారు. ఇవాళ బయటికి తెచ్చింది ఇవ్వడానికి కాదు, కాల్చడానికి.

వలలవాళ్లలో అందరికంటే ముందు లింగవ్వ ఉంది.

"దొరకకపోతే?"

"ఏంది?"

"పోగు దొరకకపోతే ఏం జేస్తవ్ సారూ? అది గూడ చెప్పు. అందరు ఇంటున్నరు."

"దొరుకుతది!"

"పది దినాల సంది మా వలలు నీ తాళంల ఉన్నయ్. తాళం దూకి నీళ్లల్లకు వచ్చినయా? మా ఇంట్ల బియ్యం డబ్బ అడుగు కనవడుతాంది, నీకు నవ్వులాట, మస్కిరి అయితాందా?"

"పాత పోగులు నీళ్లల్ల తేలుతుంటయ్. నాకు తెల్వదా?"

ఆయనకు ఏం తెలుసో ఆ ఒడ్డున అందరికీ తెలుసు. జన్మలో ఒక వల విసిరిన చెయ్యి కాదది.

గొడవకు కారణమైన జెట్ స్కీ సగం నీళ్లలో, సగం ఇసుకలో పడి ఉంది. పదిహేనేళ్లు గోవాలో తిరిగి తిరిగి, రంగు వెలిశాక ఇక్కడికి వచ్చిన బండి. ముక్కు మీద పొద్దున పెట్టిన కుంకుమ ఇంకా తడిగానే ఉంది. దాని కింద ఇనుప కడియానికి మోకు కట్టి ఒడ్డుకు లాగారు. బోరు మోటార్లు బాగుచేసే ఏలియా దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఏమయ్యా ఏలియా! పికప్ పెంచుమన్న. ఉన్న పికప్ గూడ తీసినవ్!"

"సార్, ప్లగ్గులు మార్చిన. కార్బొరేటర్ కడిగిన. బొంబాయి నుంచి కొత్త ఫ్యాన్ రెక్క తెప్పించి ఏసిన, దాని సుట్టు రింగు గూడ కొత్తదే. నిన్న మాపటీల నేనే నడిపిన. బాణం లెక్క ఉరికింది."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల ఇంజన్ మొత్తుకుంటాంది గని బండి కదుల్తలేదు."

"దీనికంటె మా థర్మాకోల్ తెప్ప నయం," అన్నాడు వెనక నుంచి అంతయ్య. "మొత్తుకోది, కదుల్తది."

జనం నవ్వారు. సుదర్శన్‌రావుకు ఇంకా మండింది.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి! పొద్దుగాల్నే కొబ్బరికాయ కొట్టి, దిష్టి తీసి దించిన. ఇరవై గజాలు పోలే! బాగు చేయించుడు, మళ్ల పడుడు. గిది నాలుగోపాలి! సెలవులు మొదలైనయ్, జనం వస్తుండ్రు. నేనేం చూపియ్యాలె వాళ్లకు, గీ డొక్కు బండినా?"

"సార్, జర ఇనుండ్రి," అన్నాడు ఏలియా. "బండి కింద ఇనుప జాలి ఉంటది. ఆన్నించి నీళ్లు గుంజుకొని ఎనకకు చిమ్ముతది. గా చిమ్ముడే దాని ఉరుకుడు. జాలికి ఏదన్న అడ్డం పడ్డా, రెక్కకు సుట్టుకున్నా నీళ్లు అందయ్. ఇంజన్ ఉత్తగ తిరుగుతది."

"గదే నేను జెప్పేది! ఏం సుట్టుకుంటది? వల!"

"మూడుపాల్లు తీసిన. నల్లగ, మెత్తగ నూరుకపోయిన పీచు ఎల్లింది. నైలాను వల గట్ల నలగది సార్. అప్పుడే చెప్పిన, మీరు ఇనలే."

"నువ్వు మిస్త్రివి. బండి సంగతి చూడు. వలల సంగతి నాకిడిసిపెట్టు."

లింగవ్వ కొంగు నడుముకు బిగించింది.

"ఒర్రుడు బంజేసి బండిని పక్కకు ఒరిగియ్యుండ్రి. ఏలియా, అందరి ముందట తియ్యి. వల పోగు ఎల్లిందనుకో, అగ్గిపుల్ల నేనే గీస్త."

ఆరుగురు కలిసి బండిని ఒరిగించారు. ఏలియా పానాతో బోల్టులు విప్పి జాలి పక్కన పెట్టాడు. మోచేతి దాకా లోపల పెట్టి తడిమాడు.

"ఎమ్మటే ఆపిన్రు గద, ఈపాలి నలగలే. నిండుగనే ఉన్నది."

మెల్లగా లాగాడు. మూరెడు నల్లటి తాడు బయటికి వచ్చింది.

"చూసిన్రా!" సుదర్శన్‌రావు ఎగిరి గంతేశాడు. "తాడు! వల తాడు! పొయ్యి విద్యాధర్, పొయ్యి!"

విద్యాధర్ మూత తీశాడు. డీజిల్ వాసన గుప్పుమంది. అంతయ్య ఒక్క దూకు దూకి వలల కుప్ప మీద బోర్లా పడ్డాడు.

"నా మీద పొయ్యి ఫస్టు!"

"ఆగుండ్రి!" ఏలియా గట్టిగా అరిచాడు. "ఇంక ఉన్నది."

ఈసారి చెయ్యి భుజం దాకా పోయింది. పళ్లు బిగించి మెలిపెట్టి లాగాడు. పిడికిలి మూసే బయటికి తెచ్చాడు. తను ఒక్కడే విప్పి చూసుకున్నాడు. సుదర్శన్‌రావు వైపు చూడలేదు. అంగీకి తుడిచి, దాన్ని లింగవ్వ అరచేతిలో పెట్టాడు.

లింగవ్వ దాన్ని చూసింది. బండి ముక్కు కింద కడియాన్ని చూసింది. అరచెయ్యి తీసుకుపోయి సుదర్శన్‌రావు కళ్ల ముందు పెట్టింది.

"మేం వలలకు నిమ్మకాయ, మిర్పకాయలు గుచ్చి కట్టం సారూ, గీ దిష్టితాడు పొద్దుగాల నీ బండి ముక్కుకు నువ్వు కట్టిందే. నడువు, గా డబ్బ అవతల పారేసి, పదకొండు వలలు నీ నెత్తి మీదనే పెట్టుకొని మా తెప్పల కాడికి మొయ్యి, ఇప్పుడే!"